నేను ఏమీ టైప్ చేయకుండానే ప్రాంప్ట్ రెండుసార్లు వస్తోంది (సీ లాంగ్వేజ్)

తొలిఅడుగు

అందరికీ నమస్కారం. సీ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఒక్కొక్క విద్యార్థి మార్కులు అడిగి, చివర్లో సగటు చెప్పే ప్రోగ్రామ్ రాస్తున్నాను. రెండు రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను.

కోడ్ ల్యాబ్ కంప్యూటర్‌లో ఉండిపోయింది, ఫోన్ నుంచి రాస్తున్నాను కాబట్టి మాటల్లో చెబుతాను. బయట ఒక పెద్ద లూప్. లోపల మొదట "మార్కులు:" అని ప్రింట్ చేసి, స్కాన్‌ఎఫ్‌తో పర్సెంట్ డి పెట్టి నంబర్ తీసుకుంటున్నాను. తర్వాత ఒక చిన్న డూ-వైల్ లూప్. అందులో "ఇంకో విద్యార్థి ఉన్నారా, వై లేదా ఎన్:" అని అడిగి, స్కాన్‌ఎఫ్‌తో పర్సెంట్ సీ పెట్టి ఒక అక్షరం తీసుకుంటున్నాను. వచ్చింది వై కాదు, ఎన్ కూడా కాదు అంటే మళ్లీ అడగాలి.

నడిపితే మార్కులు సరిగ్గానే తీసుకుంటోంది. ఆ వెంటనే "ఇంకో విద్యార్థి ఉన్నారా" అనే ప్రశ్న పక్కపక్కనే రెండుసార్లు వచ్చేస్తోంది. మధ్యలో నేను ఏ కీ నొక్కలేదు. రెండో ప్రశ్న దగ్గర ఆగుతుంది, వై కొడితే మామూలుగా ముందుకు వెళ్తుంది. తర్వాతి విద్యార్థికీ ఇదే వరస. లూప్ కండిషన్ పదిసార్లు చూసుకున్నాను, తప్పేమీ కనిపించలేదు. ఎల్లుండి ఇది చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రాత్రికోడర్

చాలామందికి వచ్చే సమస్యే, కంగారు పడకండి. రెండో స్కాన్‌ఎఫ్‌కి ముందు ఎఫ్‌ఫ్లష్ అని రాసి బ్రాకెట్లలో ఎస్‌టీడీఇన్ (అంటే కీబోర్డ్ నుంచి వచ్చే ఇన్‌పుట్) పెట్టండి. కొట్టిన అక్షరాలు ప్రోగ్రామ్ చదివేదాకా ఆగి ఉండే చోటే బఫర్. బఫర్ ఖాళీ అవుతుంది. నాకు ఎప్పుడూ పని చేసింది.

కుండలీకరణం

రాత్రికోడర్ గారూ, ఆ సలహాతో నేను ఏకీభవించలేను. సీ ప్రమాణం ప్రకారం ఎఫ్‌ఫ్లష్ అనేది అవుట్‌పుట్ కోసం. ఇన్‌పుట్ స్ట్రీమ్ మీద దాన్ని వాడితే ఏం జరగాలో ఆ ప్రమాణం చెప్పలేదు, అంటే ఏమైనా జరగవచ్చు. కొన్ని కంపైలర్లలో బఫర్ ఖాళీ అవుతుంది, కొన్నింటిలో ఏమీ కాదు. ఇంట్లో పని చేసింది ల్యాబ్‌లో పని చేయకపోతే తప్పు ఎక్కడుందో కొత్తవాళ్లకు అస్సలు అంతుపట్టదు.

తొలిఅడుగు గారూ, పర్సెంట్ సీకి ముందు ఒక ఖాళీ పెట్టండి. కోట్ గుర్తు, ఖాళీ, పర్సెంట్, సీ. అంతే.

ల్యాబ్‌టీచర్

ఆ ఖాళీ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మందు పేరు దొరికింది, కానీ జబ్బేమిటో చూడకుండా వేసుకుంటే రేపు ఇదే సమస్య ఇంకో వేషంలో వచ్చినప్పుడు మీరు గుర్తుపట్టలేరు. ఏటా ల్యాబ్‌లో చూస్తుంటాను. ఖాళీ పెట్టడం అందరికీ గుర్తుంటుంది, ఎందుకు పెట్టామో కొద్దిమందికే గుర్తుంటుంది.

ఒక చిన్న పని చేయండి. డూ-వైల్ లోపల స్కాన్‌ఎఫ్ అయిన వెంటనే ఒక ప్రింట్‌ఎఫ్ రాయండి. వచ్చిన ఆ అక్షరాన్ని పర్సెంట్ సీతో కాకుండా పర్సెంట్ డితో, చదరపు బ్రాకెట్ల మధ్య ప్రింట్ చేయండి. అప్పుడు అక్షరం బదులు దాని కోడ్ నంబర్ కనిపిస్తుంది. ఏం వచ్చిందో ఇక్కడ రాయండి.

మీ మాటల్లోనే ఒక మంచి ఆధారం ఉంది. రెండు ప్రశ్నలూ ఒకే వరుసలో పక్కపక్కనే వచ్చాయన్నారు. మీరు మధ్యలో ఎంటర్ కొట్టి ఉంటే రెండో ప్రశ్న కింది వరుసకు దిగేది. అంటే మీరు చెప్పింది నిజం, ఆ సమయంలో మీరు ఏమీ నొక్కలేదు. అయినా ప్రోగ్రామ్‌కి ఏదో ఒక అక్షరం అందింది. లేకపోతే స్కాన్‌ఎఫ్ దాటి ముందుకు రాదు.

తొలిఅడుగు

చేశాను మేడమ్. మార్కుల దగ్గర 85 కొట్టాను. తర్వాత స్క్రీన్ మీద ప్రశ్న, దాని పక్కన బ్రాకెట్లో 10, మళ్లీ ప్రశ్న వచ్చాయి. అక్కడ ఆగింది. వై కొడితే బ్రాకెట్లో 121 వచ్చింది.

121 వై అక్షరం కోడ్ అని పట్టికలో చూసుకున్నాను. 10 ఎక్కడి నుంచి వచ్చింది? నేను 10 అనే నంబర్ ఎక్కడా కొట్టలేదు.

ల్యాబ్‌టీచర్

కొట్టారు. 85 తర్వాత ఎంటర్ నొక్కారు కదా, అదే ఇది. అక్షరాలకు కోడ్ నంబర్లు ఇచ్చే ఆస్కీ పట్టికలో 10 అంటే న్యూలైన్.

85 అని కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు ప్రోగ్రామ్‌కి వెళ్లేది ఒక నంబర్ కాదు, మూడు అక్షరాలు. ఎనిమిది (కోడ్ 56), అయిదు (కోడ్ 53), న్యూలైన్ (కోడ్ 10). మామూలుగా టెర్మినల్ మీరు ఎంటర్ నొక్కేదాకా మొత్తం వరుసను తన దగ్గరే ఉంచుకుంటుంది. అందుకే మీరు బ్యాక్‌స్పేస్‌తో దిద్దుకోగలుగుతున్నారు. ఎంటర్ నొక్కగానే ఆ వరుస మొత్తాన్ని, ఎంటర్‌తో సహా, అప్పజెబుతుంది.

అప్పుడు పర్సెంట్ డి వచ్చి చదవడం మొదలుపెడుతుంది. ఎనిమిది అంకే, తీసుకుంది. అయిదు కూడా అంకె, తీసుకుంది. తర్వాతిది న్యూలైన్, అంకె కాదు. అక్కడితో దాని పని అయిపోయింది. న్యూలైన్‌ను ముట్టుకోకుండా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. తర్వాత పర్సెంట్ సీ వచ్చి "ఒక అక్షరం కావాలి" అంటే, అప్పటికే వరుసలో న్యూలైన్ సిద్ధంగా ఉంది. మీ కోసం ఎదురుచూడాల్సిన అవసరమే లేదు. అది తీసుకుంది. అది వై కాదు, ఎన్ కాదు. కాబట్టి మీ కండిషన్ చెప్పినట్టే మళ్లీ అడిగింది. మీ లూప్‌లో ఏ తప్పూ లేదు, దానికి వచ్చిన జవాబే మీరు అనుకున్న జవాబు కాదు.

ఇక కుండలీకరణం గారు చెప్పిన ఖాళీ సంగతి. స్కాన్‌ఎఫ్ ఫార్మాట్‌లో ఖాళీ ఉంటే దానర్థం "ఖాళీలు, ట్యాబ్‌లు, న్యూలైన్లు ఎన్ని ఉన్నా దాటేసి రా" అని. పర్సెంట్ డి తనంతట తానే అవన్నీ దాటేస్తుంది, అందుకే వై తర్వాత మిగిలిపోయిన ఎంటర్ మీ మార్కుల ప్రశ్నను ఇబ్బంది పెట్టలేదు. పర్సెంట్ సీకి ఆ అలవాటు లేదు, దానికి న్యూలైన్ కూడా మిగతావాటిలాంటి అక్షరమే. మనం చెబితేనే దాటుతుంది.

తొలిఅడుగు

ఇప్పుడు అర్థమైంది!! ఖాళీ పెట్టాను, ఒక్కసారే అడుగుతోంది. రెండు రోజులు కండిషన్ వైపే చూస్తూ కూర్చున్నాను. చాలా థ్యాంక్స్ మేడమ్, కుండలీకరణం అన్నా, రాత్రికోడర్ అన్నా.

రాత్రికోడర్

నేను ఇన్నేళ్లూ ఎఫ్‌ఫ్లష్ మీదే నడిపించాను. ఇప్పుడే వేరే మెషీన్‌లో ఇంకో కంపైలర్‌తో ప్రయత్నించాను, నిజంగానే పని చేయలేదు. ప్రశ్న రెండుసార్లే వచ్చింది. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, దయచేసి ఎవరూ వాడకండి.

మౌనపాఠకురాలు

నేను సాధారణంగా చదివి వెళ్లిపోతాను, ఇవాళ ఒక్కటి అడగాలనిపించింది. నా సమస్య తిరగబడిన రకం. నా ప్రోగ్రామ్‌లో ప్రశ్నలు అసలు కనిపించవు. నేను గుడ్డిగా జవాబులు కొట్టేశాక చివర్లో ప్రశ్నలన్నీ ఒకేసారి వరుసగా ప్రింట్ అవుతాయి. ఇదీ మిగిలిపోయిన ఎంటర్ వల్లేనా?

కుండలీకరణం

కాదండీ, అది అవుట్‌పుట్ వైపు బఫర్. ప్రింట్‌ఎఫ్ రాసింది వెంటనే స్క్రీన్ మీదకు వెళ్లాలని లేదు. అవుట్‌పుట్ నిజమైన టెర్మినల్‌కి కాకుండా ఫైల్‌కో పైప్‌కో వెళ్తుంటే, బఫర్ నిండేదాకా లేదా ప్రోగ్రామ్ ముగిసేదాకా అది లోపలే ఆగవచ్చు. కొన్ని ఐడీఈల (కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్‌ల) కన్సోల్ కిటికీలు, ఆన్‌లైన్ కంపైలర్లు ఇలాంటివే. మీరు ప్రతి ప్రశ్న ప్రింట్ చేశాక ఎఫ్‌ఫ్లష్ అని రాసి బ్రాకెట్లలో ఎస్‌టీడీఅవుట్ పెట్టండి. అక్కడ దాన్ని వాడటం పూర్తిగా సరైనది, అది పుట్టిందే ఆ పని కోసం.

మౌనపాఠకురాలు

సరిపోయింది. ధన్యవాదాలండీ.

తొలిఅడుగు

మళ్లీ వచ్చాను. ఇవాళ ల్యాబ్‌లో నా స్నేహితుడు పరీక్షించాడు. ఒక విద్యార్థి పరీక్షకు రాలేదని మార్కుల దగ్గర ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో ఏబీ అని కొట్టాడు, ఆబ్సెంట్ అన్నమాట. ఈసారి ప్రశ్న మూడుసార్లు వచ్చింది! ఖాళీ పెట్టే ఉంది. మీరు చెప్పిన ప్రింట్‌ఎఫ్ తీసేయలేదు కాబట్టి చూశాను, బ్రాకెట్లలో 65, ఆ తర్వాత 66 ఉన్నాయి.

అంటే ఏ, బీ అక్షరాలు ఒక్కొక్కటిగా నా వై/ఎన్ ప్రశ్నకు జవాబుగా వెళ్లాయి. ఇంతవరకు నాకే అర్థమైంది. దీనికి ఖాళీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ల్యాబ్‌టీచర్

ఇది మీరే పట్టుకున్నారు, చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ ఖాళీ ఎక్కడ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే మిగిలింది ఖాళీ జాతి అక్షరం కాదు.

ఇలాంటప్పుడు నేను విద్యార్థులతో లెక్క పెట్టిస్తాను. ప్రశ్న ఎన్నిసార్లు ఎక్కువ వచ్చిందో చూడండి. ఒకటి ఎక్కువ వస్తే ఒక అక్షరం మిగిలింది, రెండు ఎక్కువ వస్తే రెండు. మీరు ఇప్పుడు వై/ఎన్ ప్రశ్నకు ఎన్ఓపీఈ అని నాలుగక్షరాలు కొట్టినా లూప్ ముగుస్తుంది, ఎందుకంటే మొదటి ఎన్ తీసుకుని బయటకు వచ్చేస్తుంది. కానీ వైఈఎస్ అని కొడితే? వై తీసుకుని ముందుకు వెళ్తుంది, ఈఎస్ మిగులుతాయి. అవి నేరుగా తర్వాతి విద్యార్థి మార్కుల ప్రశ్నకు వెళ్తాయి. ఒకసారి కొట్టి చూడండి.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ఏబీ కొట్టిన విద్యార్థికి ఎన్ని మార్కులు పడ్డాయో చూశారా?

తొలిఅడుగు

ఇప్పుడే చూశాను. 72 పడ్డాయి. అది అంతకు ముందు విద్యార్థి మార్కులు!! ఇదెలా?

కుండలీకరణం

ఇదే ఈ మొత్తం వ్యవహారంలో భయపెట్టే భాగం. పర్సెంట్ డికి అంకె దొరకలేదు. దొరకనప్పుడు అది మీ వేరియబుల్‌ను ముట్టుకోదు. మీరు మార్కుల వేరియబుల్‌ను లూప్ బయట డిక్లేర్ చేసి ఉంటారు, దాంట్లో పాత 72 అలాగే ఉండిపోయింది. పరీక్ష రాయని విద్యార్థికి ఇంకొకరి మార్కులు పడ్డాయి, సగటు కూడా తప్పింది. ప్రశ్న రిపీట్ కావడం కంటికి కనిపిస్తుంది కాబట్టి మీరు దాని వెనుక పడ్డారు. ఇది కనిపించదు. ప్రశ్న మూడుసార్లు రాకపోయి ఉంటే ఎవరూ గమనించేవారు కాదు.

స్కాన్‌ఎఫ్ ఒక విలువ తిరిగి ఇస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎన్ని వేరియబుళ్లు నింపగలిగిందో ఆ లెక్క అది. మీరు ఒక నంబర్ అడిగారు కాబట్టి 1 రావాలి. అంకె దొరకకపోతే 0 వస్తుంది. చదవడానికి ఇంక ఏమీ మిగలకపోతే ఈఓఎఫ్ వస్తుంది, అదొక రుణ సంఖ్య. 1 వస్తేనే ఆ మార్కులు నమ్మండి.

తొలిఅడుగు

సరే అన్నా, స్కాన్‌ఎఫ్ 1 ఇచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగేలా లూప్ పెట్టాను. ఏబీ కొట్టగానే స్క్రీన్ మొత్తం "మార్కులు: మార్కులు: మార్కులు:" అని ఆగకుండా పరిగెత్తింది. కంట్రోల్ సీ కొట్టి ఆపాను. ఇంకా చెడగొట్టానా?

సున్నా_ఒకటి

చెడగొట్టలేదు, సగం దూరం వచ్చారు. స్కాన్‌ఎఫ్ విఫలమైనప్పుడు ఆ ఏ అక్షరాన్ని వరుసలోనే వదిలేస్తుంది. మీ లూప్ మళ్లీ స్కాన్‌ఎఫ్‌ను పిలుస్తుంది, దానికి అదే ఏ ఎదురవుతుంది, మళ్లీ 0 ఇస్తుంది. ఆ ఏని ఎవరో ఒకరు తీసి పారేసేదాకా ఇలాగే తిరుగుతుంది.

సీ ప్లస్ ప్లస్‌లోనూ ఇదే కథ, పైగా ఇంకో మెలిక. అక్కడ ఇన్‌పుట్ తీసుకునే సిన్ ఒకసారి విఫలమైతే విఫలమైన స్థితిలోనే ఉండిపోతుంది. క్లియర్ అని పిలిచి ఆ స్థితి తీసేయాలి, తర్వాత ఇగ్నోర్‌తో న్యూలైన్ దాకా పారేయాలి. వరుస తారుమారు చేసి ముందు ఇగ్నోర్ పిలిస్తే అది ఏమీ పారేయదు, ఎందుకంటే స్ట్రీమ్ ఇంకా విఫల స్థితిలోనే ఉంది. నేను దీని మీద ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

జావాపక్షి

జావాలో స్కానర్ వాడేవాళ్లకూ తప్పదు. నెక్స్ట్‌ఇంట్ దగ్గర అక్షరాలు కొడితే ఇన్‌పుట్ మిస్‌మ్యాచ్ ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని క్యాచ్‌లో పట్టుకుని మళ్లీ అడిగితే ఇదే పరుగు, ఎందుకంటే ఆ మాట అక్కడే ఉంది. క్యాచ్ లోపల ఒక నెక్స్ట్‌లైన్ పిలిచి దాన్ని తీసేయాలి. నెక్స్ట్‌ఇంట్ వెంటనే నెక్స్ట్‌లైన్‌తో పేరు అడిగితే పేరు అడగకుండానే దాటిపోవడం కూడా మిగిలిన ఎంటర్ పనే. అక్కడ ప్రశ్న రిపీట్ కాదు, జవాబు ఖాళీగా వస్తుంది.

పైథాన్ నేర్చుకునేవాళ్లు ఇది దాదాపు చూడరు. అక్కడ ఇన్‌పుట్ ఫంక్షన్ ప్రతిసారీ వరుస మొత్తం తీసుకుంటుంది, చివరి న్యూలైన్ తీసేసి మిగతాది ఇస్తుంది.

కుండలీకరణం

పారేసే పద్ధతి చెబుతాను. ఒక వేరియబుల్ తీసుకోండి. గెట్‌చార్‌తో ఒక్కో అక్షరం అందులోకి చదువుతూ ఉండండి. వచ్చింది న్యూలైన్ అయితే ఆపండి. ఈఓఎఫ్ అయితే కూడా ఆపండి. ఈ రెండో షరతు చాలామంది వదిలేస్తారు, దాని సంగతి కింద చెబుతాను. స్కాన్‌ఎఫ్ 1 ఇవ్వనప్పుడల్లా ఈ చిన్న లూప్ నడిపి, తర్వాతే మళ్లీ అడగండి.

ఆ వేరియబుల్‌ను క్యార్ అని కాకుండా ఇంట్ అని డిక్లేర్ చేయండి. గెట్‌చార్ ఇచ్చేది ఇంట్, ఎందుకంటే మామూలు అక్షరాలన్నీ కాక ఈఓఎఫ్ అనే ఇంకో విలువ కూడా అందులో పట్టాలి. కొన్ని మెషీన్లలో క్యార్‌కు రుణ విలువలు ఉండవు. అక్కడ క్యార్‌లో పెట్టిన ఈఓఎఫ్ వేరే నంబర్‌గా మారిపోతుంది, ఈఓఎఫ్‌తో పోలిస్తే ఎప్పటికీ సరిపోదు.

ఇప్పుడు ఆ రెండో షరతు. మార్కులన్నీ ఒక ఫైల్‌లో రాసుకుని, చేత్తో కొట్టకుండా ఆ ఫైల్‌నే ఇన్‌పుట్‌గా మళ్లించారనుకోండి. ఫైల్ అయిపోయింది, చివర్లో ఎన్ రాయడం మర్చిపోయారు. ఇక అడిగినా ఇచ్చేవారు లేరు. ఈఓఎఫ్ చూసుకోకపోతే ప్రశ్న ఎవరో ఆపేదాకా వస్తూనే ఉంటుంది. లినక్స్‌లో ఖాళీ వరుస మొదట్లో కంట్రోల్ డి కొట్టినా, విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్ నొక్కినా ఇదే పరిస్థితి వస్తుంది. కాబట్టి స్కాన్‌ఎఫ్ 0 ఇస్తే పారేసి మళ్లీ అడగండి, ఈఓఎఫ్ ఇస్తే అడగడం మానేసి బయటకు రండి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

తొలిఅడుగు

పని చేస్తోంది! ఏబీ కొడితే ఒక్కసారే మళ్లీ అడుగుతోంది. పారేసే లూప్‌ను వేరే ఫంక్షన్‌గా రాసుకున్నాను, మార్కుల ప్రశ్న దగ్గర దాన్నే వాడుతున్నాను.

అయితే పెద్దక్షరం వై, పెద్దక్షరం ఎన్ కూడా ఒప్పుకోవాలని కండిషన్ మార్చాను. అప్పటి నుంచి వై కొట్టినా ఎన్ కొట్టినా మళ్లీ అడుగుతూనే ఉంది. బ్రాకెట్‌లో 121 సరిగ్గానే వస్తోంది. మిగిలిపోయిన అక్షరాలు లేవు. ఇదేమిటి?

ల్యాబ్‌టీచర్

ఒక్క ప్రశ్న. అది ఆగి అడుగుతోందా, ఆగకుండా అడుగుతోందా?

తొలిఅడుగు

ఆగుతోంది మేడమ్. ప్రతిసారీ నేను కొట్టేదాకా ఆగి, కొట్టాక మళ్లీ అడుగుతోంది.

ల్యాబ్‌టీచర్

అయితే ఈసారి తప్పు కండిషన్‌లోనే ఉంది. ఆగకుండా ప్రశ్నలు వచ్చేస్తుంటే ఇన్‌పుట్ వైపు చూడాలి. ఆగి మీ జవాబు తీసుకుని కూడా ఒప్పుకోకపోతే కండిషన్ వైపు చూడాలి. మొన్న మీరు కండిషన్ వైపు చూస్తూ రెండు రోజులు కూర్చున్నారు, ఇవాళ అక్కడ చూడాల్సిన రోజు. కండిషన్‌లో ఆర్ రాశారా, అండ్ రాశారా?

తొలిఅడుగు

ఆర్ రాశాను. "వై కాదు లేదా పెద్ద వై కాదు లేదా ఎన్ కాదు లేదా పెద్ద ఎన్ కాదు" అయితే మళ్లీ అడుగు అని. చదివితే బాగానే ఉంది కదా?

ల్యాబ్‌టీచర్

చదవడానికి బాగుంటుంది, అందుకే అందరూ ఇక్కడ పడతారు. వై కొట్టారనుకోండి. "వై కాదు" అబద్ధం. "పెద్ద వై కాదు" నిజం. ఆర్‌కు ఒక్కటి నిజమైతే చాలు, మొత్తం నిజమైపోయింది, మళ్లీ అడిగింది. ఏ అక్షరమూ ఒకేసారి వై, ఎన్ రెండూ కాలేదు కాబట్టి ఆ కండిషన్ ఎప్పటికీ నిజమే.

మనం మాట్లాడేటప్పుడు "వై గానీ ఎన్ గానీ కాకపోతే" అంటాం. అందులోని "గానీ" చూసి చెయ్యి ఆర్ రాసేస్తుంది. మీరు మొదటి పోస్ట్‌లో "వై కాదు, ఎన్ కూడా కాదు" అని రాశారు చూడండి, ఆ "కూడా"యే అండ్. నాలుగు చోట్లా "కాదు" ఉన్నప్పుడు వాటి మధ్య అండ్ ఉండాలి. లేదా టూలోయర్‌తో అక్షరాన్ని ముందే చిన్నక్షరంగా మార్చుకుంటే రెండు పోలికలు చాలు.

తొలిఅడుగు

అండ్ పెట్టాను, సరైంది. మొదటి పోస్ట్‌లో నేనే సరిగ్గా రాశానా!

రాత్రికోడర్

ఇంకో రెండు పరీక్షలు. మార్కుల దగ్గర 85.5 కొట్టండి. 85 తర్వాత ఖాళీ ఇచ్చి 72 కొట్టండి.

తొలిఅడుగు

85.5కి స్కాన్‌ఎఫ్ 1 ఇచ్చింది, మార్కులు 85 పడ్డాయి, ప్రశ్న మూడుసార్లు వచ్చింది. బ్రాకెట్లలో 46, 53, అంటే చుక్క, అయిదు. లెక్క సరిపోయింది, రెండు అక్షరాలు, రెండు ఎక్కువ ప్రశ్నలు. రెండోదానికి కూడా మూడుసార్లే, అక్కడ 7, 2 మిగిలాయి.

అంటే 1 వచ్చినా సరే వరుస చివరిదాకా పారేయాలి, అంతేనా? కానీ అలా చేస్తే 85.5 కొట్టినవాళ్లకు చెప్పకుండా 85 వేసినట్టు అవుతుంది. అది కూడా తప్పే కదా.

కుండలీకరణం

తప్పే. మీరు ఆ ప్రశ్న వేయడం నాకు నిజంగా నచ్చింది. ఇక స్కాన్‌ఎఫ్‌కు అతుకులు వేయడం ఆపి, పద్ధతే మార్చండి.

మీరు ఒక ప్రశ్న వేస్తారు, వాడేవారు ఒక వరుస కొట్టి ఎంటర్ నొక్కుతారు. కాబట్టి ప్రతి ప్రశ్నకూ ఒక వరుస మొత్తం చదవండి. వందక్షరాల శ్రేణి (అర్రే) తీసుకుని ఎఫ్‌గెట్స్‌తో అందులోకి చదవండి. ఎఫ్‌గెట్స్ నల్ ఇస్తే ఇన్‌పుట్ అయిపోయినట్టు, బయటకు రండి. ఇప్పుడు ఆ వరుస మీ చేతిలో ఉంది. ఎంటర్‌తో సహా మొత్తం వచ్చేసింది, వెనుక ఏమీ మిగల్లేదు. తర్వాత ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో ఆ శ్రేణిలోంచి పర్సెంట్ డి, ఖాళీ, పర్సెంట్ సీ అడగండి. వచ్చే లెక్క సరిగ్గా 1 అయితే నంబర్ తప్ప ఇంకేమీ లేదు. 85.5 అయితే 85, చుక్క రెండూ దొరికి 2 వస్తుంది. ఏబీకి 0 వస్తుంది. ఉత్త ఎంటర్‌కు ఈఓఎఫ్ వస్తుంది. 1 కాని ప్రతిదానికీ "పూర్ణ సంఖ్య మాత్రమే" అని చెప్పి మళ్లీ అడగండి.

మొదట్లో ఇది చాలు. తర్వాత అక్షరాలను సంఖ్యగా మార్చే ఎస్‌టీఆర్‌టోల్ నేర్చుకోండి. ఇంట్‌లో పట్టనంత పెద్ద సంఖ్య వస్తే పర్సెంట్ డి ఏం చేయాలో సీ ప్రమాణం చెప్పలేదు, ఎస్‌టీఆర్‌టోల్ అయితే సంఖ్య లాంగ్‌లో కూడా పట్టకపోతే హద్దు దాటిందని చెబుతుంది. చదవడం ఎక్కడ ఆగిందో కూడా చూపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఎఫ్‌గెట్స్‌కు వంద అని చెబితే 99 అక్షరాలే చదువుతుంది, చివరి చోటు అక్షరాలు ముగిశాయని చెప్పే సున్నా గుర్తుకు. వరుస అంతకంటే పొడవైతే మిగతాది లోపలే ఉండిపోతుంది, కాబట్టి శ్రేణిలో న్యూలైన్ లేకపోతే మీ పారేసే ఫంక్షన్ నడపండి. ఇక రెండోది, ఈ ప్రోగ్రామ్‌లో స్కాన్‌ఎఫ్ ఒక్కటి కూడా ఉంచకండి. ఒక్కటి మిగిలినా అది వదిలేసిన ఎంటర్ తర్వాతి ఎఫ్‌గెట్స్‌కు ఖాళీ వరుసగా దొరుకుతుంది.

ఎవరైనా గెట్స్ వాడమని చెబితే వినకండి. దానికి శ్రేణి ఎంత పెద్దదో చెప్పే వీలే లేదు, అందుకే 2011లో వచ్చిన సీ ప్రమాణంలోంచి దాన్ని తీసేశారు.

తొలిఅడుగు

మొత్తం మార్చాను. స్కాన్‌ఎఫ్ ఒక్కటీ లేదు. ఏబీ, 85.5, 85 72, ఉత్త ఎంటర్, వైఈఎస్, అన్నీ కొట్టి చూశాను. తప్పు కొట్టిన ప్రతిసారీ ఒక్కసారే మళ్లీ అడుగుతోంది. ఫైల్ నుంచి ఇచ్చి చివర ఎన్ లేకుండా కూడా నడిపాను, సగటు ప్రింట్ చేసి ఆగిపోయింది.

ఒక్కటి మిగిలింది. రాని విద్యార్థికి ఏబీ అనే కొట్టాలని, దాన్ని తప్పు అనకుండా గైర్హాజరుగా తీసుకుని సగటులో కలపకూడదని అనుకున్నాను. వరుస చేతిలోనే ఉంది కాబట్టి ఎస్‌టీఆర్‌సీఎంపీతో ఏబీతో పోల్చాను. సరిపోవడం లేదు, "పూర్ణ సంఖ్య మాత్రమే" అంటోంది.

ల్యాబ్‌టీచర్

కోడ్ నంబర్లు ప్రింట్ చేసి చూశారా?

తొలిఅడుగు

మీ పోస్ట్ చూడకముందే చేశాను మేడమ్! వరుసలోని ప్రతి అక్షరాన్నీ పర్సెంట్ డితో ప్రింట్ చేశాను. 65, 66, 10. ఎఫ్‌గెట్స్ ఎంటర్‌ను కూడా శ్రేణిలోనే ఉంచుతోంది, అందుకే నా రెండక్షరాల ఏబీతో కలవలేదు. న్యూలైన్ ఉన్న చోట సున్నా పెట్టాను, ఇప్పుడు సరిగ్గా పోలుస్తోంది. ఇంకో మెషీన్‌లో తయారైన ఫైల్ ఇస్తే 65, 66, 13, 10 వచ్చాయి, కాబట్టి 13 కనిపించినా అక్కడే కత్తిరిస్తున్నాను.

కుండలీకరణం

13 అంటే క్యారేజ్ రిటర్న్. విండోస్ టెక్స్ట్ ఫైళ్లలో వరుస చివర 13, 10 రెండూ ఉంటాయి. బాగా పట్టుకున్నారు.

తొలిఅడుగు

చూపించేశాను. మా మేడమ్ మొదట ఏబీ, ఆ తర్వాత 85.5 కొట్టారు. ఒక విద్యార్థి గైర్హాజరు అని పడింది, 85.5కి ఒక్కసారి మళ్లీ అడిగింది. బ్రాకెట్లలో నంబర్లు ప్రింట్ చేసే వరుసను తీసేయలేదు, కామెంట్‌గా మార్చి ఉంచుకున్నాను.